టాక్రోలిమస్ క్యాప్సూల్: కిడ్నీ జబ్బున్న పిల్లోడి తల్లిగా నా రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, ఐదుకు నాలుగు. స్టెరాయిడ్‌కు లొంగని నెఫ్రోటిక్ సిండ్రోమ్ (కిడ్నీలోంచి ప్రోటీన్ కారిపోయే జబ్బు) ఉన్న మా చిన్నోడికి ఈ టాక్రోలిమస్ పనిచేసింది, ఇప్పటికీ పనిచేస్తోంది. మరి ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ఇది కొనుక్కొచ్చి పూటకొకటి వేసేస్తే అయిపోయే మందు కాదు. దాని వెంట రక్తపరీక్షలు, బీపీ చూసుకోవడం, టైమ్ పట్టింపు, తిండి పట్టింపు అన్నీ ఉంటాయి, మా అనంతపురంలో అవన్నీ ఒక్కచోట కుదరవు. డాక్టర్ రాసి ఇచ్చాక ఇంట్లో దీన్ని ఎలా నడపాలో తెలియక టెన్షన్ పడుతున్న అమ్మానాన్నల కోసం ఇది రాస్తున్నా. డాక్టర్ రాయకుండా ఎవరూ దీని జోలికి పోవద్దు, ఆ సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా.

జబ్బు గురించి కొంచెం. పొద్దున లేచేసరికి పిల్లోడి కళ్ల చుట్టూ వాపు, సాయంత్రానికి కాళ్లలోకి దిగుతుంది, ఒంటేలులో నురగ. కిడ్నీలోంచి ప్రోటీన్ కారిపోయి రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, దాంతో ఒంటికి నీరు పడుతుంది. చాలామంది మొదట కంటి అలర్జీ అనుకుని చుక్కల మందు వేయిస్తారు. పదిమంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తోనే ప్రోటీన్ ఆగిపోతుంది. ఆరు వారాలు రోజూ పూర్తి డోసు వేసినా ఆగకపోతే స్టెరాయిడ్ రెసిస్టెంట్ అంటారు, మావాడిది అదే. బెంగుళూరులో పిల్లల కిడ్నీ డాక్టర్ దగ్గర బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేయించాం, మినిమల్ చేంజ్ అని వచ్చింది. జీన్ టెస్టులో ఏమీ లేదు. ఆ తర్వాతే ఈ క్యాప్సూల్ మొదలుపెట్టారు.

ఇప్పుడు అసలు విషయం, కాల్షియం. ఈ జబ్బున్న ప్రతి ఇంట్లో ఈ గందరగోళం ఉంటుంది కాబట్టి దీని మీద కాస్త ఎక్కువే రాస్తా. మావాడి రిపోర్టులో కాల్షియం 7.6 అని ఎర్రగా వచ్చింది, మామూలుగా 8.5 నుంచి 10.5 దాకా ఉండాలి. అది చూసి మా అత్త "పిల్లోనికి పాలు చాలడం లేదు, ఇంకో గ్లాసు తాపు" అని ఒకటే గొడవ. డాక్టర్ మేడమ్ మాత్రం ఆ రిపోర్టు చూసి కంగారు పడలేదు. రక్తంలో కాల్షియంలో నూటికి నలభై వంతుల దాకా ప్రోటీన్లను, ముఖ్యంగా అల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుందట. అల్బుమిన్ ఒంటేల్లో పోతుంటే దానితో ఉన్న కాల్షియం లెక్క కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. అల్బుమిన్ 4 ఉండాలనుకుంటే, అది ఒక్కో గ్రాము తగ్గినందుకు కాల్షియంకు 0.8 కలపాలి. మావాడి అల్బుమిన్ 1.8, అంటే 2.2 తక్కువ, దాన్ని 0.8తో హెచ్చవేసి 7.6కు కలిపితే 9.3 దాటింది. నార్మలే. ఇది అంచనా లెక్క, అనుమానం ఉంటే అయొనైజ్డ్ కాల్షియం అని వేరే పరీక్ష చేస్తారు. స్టెరాయిడ్ వాడే పిల్లలకు ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి రాస్తారు, మావాడికీ రాశారు, అది వేయాలి. కానీ ఆ మాత్ర వేస్తే ప్రోటీన్ కారడం ఆగదు.

"మరి ఈ కొత్త మందు కాల్షియం మీదే పనిచేస్తుందన్నారు కదా మేడమ్?" అని అడిగా. "పాలల్లో ఉండే కాల్షియం సంగతి కాదమ్మా, కణం లోపల కబురు మోసే కాల్షియం సంగతి" అని ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చూపించారు. ఆవిడ తెలుగువాళ్లే కాబట్టి సరిపోయింది. ఇంటికొచ్చి నేను చదివి అర్థం చేసుకున్నది కూడా కలిపి రాస్తున్నా.

కణాల బయట కాల్షియం ఎంత ఉంటుందో, కణం లోపల అందులో పదివేలో వంతు మాత్రమే ఉంటుంది. కణం ఎప్పుడూ శక్తి ఖర్చుపెట్టి దాన్ని బయటికి నెట్టేస్తూ ఉంటుంది. లోపల అంత తక్కువ కాబట్టే, గోడలో ఒక ద్వారం తెరుచుకుని కొంచెం కాల్షియం వచ్చినా కణానికి అదొక కబురు అవుతుంది, కదలమనో, విడిపొమ్మనో, ఫలానా జీన్‌ను పనిలో పెట్టమనో. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చోట పోడోసైట్లు అనే కణాలు ఉంటాయి. వాటికి పాదాల్లాంటి పోగులుంటాయి, రెండు చేతుల వేళ్లను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు అవి సన్నని రక్తనాళాల చుట్టూ అల్లుకుని ఉంటాయి. మధ్యలో మిగిలిన సందుల్లోంచి నీళ్లు, ఉప్పు, వ్యర్థాలు పోవాలి, అల్బుమిన్ పోకూడదు. ఆ పాదాలు చదునై ఒకదానికొకటి కలిసిపోయినట్టు అయితే ప్రోటీన్ కారిపోతుంది. మామూలు మైక్రోస్కోప్‌లో అంతా బాగానే కనిపిస్తుంది కాబట్టే దానికి మినిమల్ చేంజ్ అని పేరు. పాదాలు చదునైన సంగతి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లోనే తెలుస్తుంది.

పోడోసైట్ గోడలో టిఆర్‌పిసి6 అనే కాల్షియం ద్వారం ఉంటుంది. 2005లో న్యూజిలాండ్‌కు చెందిన ఒక కుటుంబంలో తరాల తరబడి వస్తున్న ఎఫ్‌ఎస్‌జిఎస్ అనే, కిడ్నీ వడపోతలో మచ్చలు పడే జబ్బుకు ఈ ద్వారం జీన్‌లో ఉన్న మార్పే కారణమని కనుక్కున్నారు. ద్వారం ఎక్కువగా తెరుచుకుని కాల్షియం మోతాదు మించి లోపలికి వస్తోంది. అదే ఏడాది ఇంకో పరిశోధక బృందం కూడా వేరే కుటుంబాల్లో ఇదే జీన్‌ను పట్టుకుంది. కాల్షియం ఎక్కువైతే కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్ లేస్తుంది. పోడోసైట్ పాదాలను నిలబెట్టే సినాప్టోపోడిన్ అనే ప్రోటీన్ మీద ఉన్న ఫాస్ఫేట్‌ను అది తీసేస్తుంది, ఆ రక్షణ పోయాక ఇంకో ఎంజైమ్ వచ్చి సినాప్టోపోడిన్‌ను ముక్కలు చేస్తుంది, పాదం కూలిపోతుంది. టాక్రోలిమస్ అడ్డుకునేది ఆ కాల్సిన్యూరిన్‌నే. సైక్లోస్పోరిన్ కూడా ఇదే పని చేస్తుంది, అది పోడోసైట్‌ను నేరుగా ఇలా కాపాడుతుందని 2008లో చూపించారు. అంతకుముందు ఈ మందులు తెల్ల రక్తకణాల్లోని టి కణాలను అణచడం వల్లే పనిచేస్తాయని అనుకునేవాళ్లు. అదీ నిజమే, టి కణాల్లోనూ కాల్షియం కబురు కాల్సిన్యూరిన్ మీదుగానే పోతుంది. అంటే ఈ మందు రెండు చోట్లా ఒకే మెట్టు దగ్గర అడ్డం నిలబడుతుంది. మావాడికి టిఆర్‌పిసి6 మార్పు లేదు, అయినా ఈ దారి తెలిశాక ఈ మందు ఎందుకు రాశారో నాకు అర్థమైంది. ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కాల్సిన్యూరిన్ ఒళ్లంతా ఉంటుంది, అందుకే ఈ మందు ఒక చోట మేలు చేస్తూ ఇంకో చోట ఇబ్బంది పెట్టగలదు. కింద రాసే జాగ్రత్తలన్నీ దాని వల్లే.

మందు పుట్టుక కూడా నాకు భలే నచ్చింది. 1984లో జపాన్‌లో సుకుబా ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా నుంచి దీన్ని తీశారు. మొదట కాలేయ మార్పిడి వాళ్లకు వాడారు, తర్వాత కిడ్నీ మార్పిడికి, ఆ తర్వాత మన పిల్లల దాకా వచ్చింది.

వాడకం సంగతికి వస్తే, క్యాప్సూల్స్ 0.25, 0.5, 1 మిల్లీగ్రాముల్లో దొరుకుతాయి, పిల్లోడి బరువును బట్టి రోజుకు రెండు పూటలు రాస్తారు. పన్నెండు గంటల తేడా ఉండాలి, తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో. మా ఇంట్లో పొద్దున ఏడు, రాత్రి ఏడు. సెలవు రోజుల్లో పొద్దున్నే ఉగ్గాని వాసన వస్తుంటే పిల్లోణ్ని గంటసేపు ఆపడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. ఆ ఉగ్గానిలోనూ ఉప్పు చూసి వేయాలి, బజ్జీ వద్దు, ఊరగాయ అసలే వద్దు, ఎందుకంటే వాపుకు ఉప్పు తోడైతే ఇంకా పెరుగుతుంది. పడుకునే ముందు వేద్దామని మొదట అనుకున్నాం కానీ మావాడు ఎనిమిదికే నిద్రపోతాడు, అందుకే ఏడు పెట్టుకున్నాం. మీ పిల్లల నిద్ర, బడి చూసుకుని మొదటి రోజే టైమ్ తేల్చుకోండి, తర్వాత మార్చడం కష్టం. ఎండాకాలంలో మన ఊర్లో నలభై డిగ్రీలు దాటుతాయి కదా, స్ట్రిప్పులను కిటికీ పక్కన, వంటింట్లో, స్కూటీ డిక్కీలో పెట్టొద్దు.

నన్ను బాగా విసిగించింది లెవెల్ టెస్ట్. రక్తంలో ఈ మందు ఎంత ఉందో చూడకుండా వాడకూడదు. తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే అదే మందు కిడ్నీని దెబ్బతీస్తుంది, కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాలు ముడుచుకుంటాయి. మావాడికి 4 నుంచి 8 మధ్య ఉండాలని చెప్పారు. దీన్ని ట్రఫ్ లెవెల్ అంటారు, అంటే రాత్రి డోసు వేసిన పన్నెండు గంటలకు, పొద్దున డోసు వేయకముందు రక్తం తీయాలి. ఊర్లో ఒక ల్యాబ్‌లో అడిగితే "ఎప్పుడైనా రా అక్కా, తీసి పంపిస్తాం" అన్నాడు. అలా ఎప్పుడు పడితే అప్పుడు తీసిన నంబర్‌తో డాక్టర్ ఏమీ తేల్చలేరు. ఇంకో ల్యాబ్‌లో షటర్ తీసేదే ఎనిమిదిన్నరకు, అప్పటిదాకా పిల్లోడికి మందూ లేదు, తిండీ లేదు. శాంపిల్ ఇక్కడ చేయరు, బయటికి పోతుంది, రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది, ఈలోపు డోసు మార్చాలా వద్దా అని ఎదురుచూడటమే. చివరికి సాయినగర్ వైపు పొద్దున్నే తెరిచే ల్యాబ్ ఒకటి దొరికింది, అక్కడి తమ్ముడు ముందురోజు ఫోన్ చేస్తే ఏడింటికి వచ్చి తీస్తాడు. మీరు అడగాల్సింది ఇదే: "టాక్రోలిమస్ ట్రఫ్, మందు వేయకముందు తీయాలి, సీరమ్ కాదు, హోల్ బ్లడ్ ఈడీటీఏ ట్యూబ్." ఈ మాటలు చెప్తే తెలిసినవాడు వెంటనే అర్థం చేసుకుంటాడు, తెలియనివాడు తలగోక్కుంటాడు, ఎవరి దగ్గర తీయించాలో అక్కడే తెలిసిపోతుంది. రాత్రి డోసు ఎన్నింటికి వేశారో, రక్తం ఎన్నింటికి తీశారో రిపోర్టు మీద పెన్నుతో రాసి డాక్టర్‌కు పంపండి.

రెండో చిరాకు కంపెనీ మార్పు. ఒక మెడికల్ షాపులో మేం వాడే కంపెనీది లేదని "అదే మందక్కా, వేరే కంపెనీ అంతే" అని ఇవ్వబోయాడు. స్ట్రిప్ తిప్పి చూసి వద్దన్నాను. జ్వరం మాత్రకైతే పట్టించుకోను. దీనికి మాత్రం పట్టించుకోవాలి, కంపెనీ మారితే రక్తంలో లెవెల్ మారొచ్చు, మార్చక తప్పకపోతే డాక్టర్‌కు చెప్పి లెవెల్ మళ్లీ చూడాలి. ఇంకా ముఖ్యంగా, రోజుకు ఒక్కసారి వేసే ఎక్స్‌టెండెడ్ రిలీజ్ రకం వేరే ఉంది, దానికీ దీనికీ పేరు దగ్గరగా ఉంటుంది, ఒకదాని బదులు ఇంకోటి వేయకూడదు. స్ట్రిప్ ఫోటో ఫోన్‌లో పెట్టుకుని షాపులో చూపించండి.

తిండి పట్టింపు మా జిల్లా వాళ్లకు కొంచెం బాధ. దానిమ్మ తోటలు మన చుట్టూరా, బంధువులు పిల్లోణ్ని చూడ్డానికి వస్తూ "రక్తం పడుతుంది" అని సంచెడు దానిమ్మలు తెస్తారు. మా డాక్టర్ దానిమ్మ, పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపర పనస లాంటి పండు) వద్దన్నారు. గ్రేప్‌ఫ్రూట్ సంగతి ఖాయంగా తెలిసిందే, పేగుల్లో ఈ మందును విరగ్గొట్టే ఎంజైమ్‌ను అది అడ్డుకుంటుంది, మందు లెవెల్ పెరిగిపోతుంది. మిగతావి కూడా జాగ్రత్త కోసం ఆపమన్నారు. చీనీకాయల (బత్తాయిల) గురించి ప్రత్యేకంగా అడిగాను, మన ఇంట్లో అది లేకుండా ఎలా, మావాడికి అవి పరవాలేదన్నారు. మీరు మీ డాక్టర్‌ను అడిగి తేల్చుకోండి.

పండ్ల కంటే పెద్ద ప్రమాదం వేరే మందులు. జలుబు, గొంతు నొప్పి అని సందులో ఉన్న క్లినిక్‌కు పోతే ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ రాసేయొచ్చు, తామరకు ఫ్లూకోనజోల్ ఇవ్వొచ్చు, ఇవన్నీ లెవెల్‌ను పైకి లాగుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్ కిందికి లాగుతాయి. విరేచనాలు పట్టుకుంటే లెవెల్ తగ్గుతుందనుకుంటాం, నిజానికి పెరుగుతుంది, పేగులో మందును విరగ్గొట్టే పని దెబ్బతిని ఎక్కువ మందు రక్తంలోకి చేరుతుంది. కాబట్టి విరేచనాలు మొదలైన రోజే కిడ్నీ డాక్టర్‌కు ఫోన్ చేయండి. నొప్పి మాత్రలు, ఐబుప్రోఫెన్ లాంటివి, కిడ్నీకి అసలే మంచివి కావు, ఈ మందుతో కలిస్తే ఇంకా చేటు. నేను మా ఇంటి దగ్గరి డాక్టర్‌కు చూపించడానికి చిన్న కార్డు మీద "ఈ బాబు టాక్రోలిమస్ వాడుతున్నాడు" అని రాసి బడి సంచిలో కూడా పెట్టాను. లైవ్ టీకాలు (బలం తగ్గించిన బతికున్న క్రిమితో చేసేవి) కూడా ఈ మందు నడుస్తుండగా వేయించకూడదు, ఆశా అక్క వచ్చినప్పుడు ముందే చెప్పండి.

సైడ్ ఎఫెక్టులు. మావాడికి మొదట్లో చేతులు సన్నగా వణికాయి, నోట్‌బుక్‌లో అక్షరాలు వంకర పోయాయి, వాళ్ల టీచర్ గమనించి చెప్పింది. లెవెల్ కొంచెం ఎక్కువ ఉందని తేలి డోసు తగ్గించాక అది పోయింది. బీపీ పెరగొచ్చు, పిల్లల సైజు పట్టీతోనే చూడాలి, పెద్దవాళ్ల పట్టీ కడితే తప్పు నంబర్ వస్తుంది. మెగ్నీషియం తగ్గొచ్చు, పొటాషియం పెరగొచ్చు. కాబట్టి నీరసంగా ఉన్నాడని డాక్టర్‌ను అడక్కుండా రోజూ కొబ్బరి నీళ్లు తాపొద్దు, అందులో పొటాషియం ఎక్కువ. చక్కెర కూడా చూస్తుండాలి, స్టెరాయిడ్ తోడుగా ఉన్నప్పుడు మరీ. సైక్లోస్పోరిన్ వాడిన ఒక బాబును బెంగుళూరులో డాక్టర్ దగ్గరే చూశాను, చిగుళ్లు ఉబ్బి, ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువయ్యాయి, ఆ ఇబ్బంది దీనితో తక్కువ, అదొక పెద్ద ప్లస్, ముఖ్యంగా ఆడపిల్లలున్న ఇళ్లకు. కిడ్నీ ఎలా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ మాత్రం ఎప్పటికప్పుడు చూడాలి. ఏళ్ల తరబడి వాడితే కిడ్నీలో మచ్చ పడే భయం ఉంది, అందుకే రెండేళ్లు దాటి కొనసాగించాలంటే మళ్లీ బయాప్సీ అడుగుతారు. అది వినగానే నాకు గుండె జారింది, కానీ అది భయపెట్టడానికి కాదు, మందు కొనసాగించవచ్చా అని చూసుకోవడానికి.

ఫలితం ఎలా ఉందంటే, వెంటనే కాదు. రోజూ పొద్దున మొదటి ఒంటేల్లో ప్రోటీన్ ఎంత పోతోందో స్ట్రిప్‌తో చూసి పుస్తకంలో రాస్తాం. మొదట అన్నీ మూడు ప్లస్సులే, ముదురు ఆకుపచ్చ. వారాలు గడిచాక రెండు, తర్వాత ఒకటి, తర్వాత ట్రేస్, అంటే ఏదో లేశమంత. వరసగా మూడు రోజులు నిల్ గానీ ట్రేస్ గానీ వస్తే తగ్గినట్టు లెక్క, వరసగా మూడు రోజులు మూడు ప్లస్ వస్తే తిరగబెట్టినట్టు. మావాడి మొహం వాపు దిగి అసలు మొహం బయటపడినప్పుడు వాళ్ల జేజి దిష్టి తీసింది. జలుబు చేస్తే ఇప్పటికీ ఒక ప్లస్ చూపిస్తుంది, అప్పుడు ఏం చేయాలో డాక్టర్ ముందే రాసిచ్చారు. అందరికీ ఇలాగే పనిచేస్తుందని చెప్పలేను. జీన్ మార్పు వల్ల వచ్చిన జబ్బుకు ఇది ఎక్కువసార్లు పనిచేయదు, ఆరు నెలలు చూసినా ప్రోటీన్ తగ్గకపోతే డాక్టర్లు ఆపి వేరే దారి చూస్తారు. అందుకే జీన్ టెస్ట్ రాస్తే ఖర్చు అని వెనక్కి పోవద్దు, పనిచేయని మందు నెలల తరబడి మింగించడం కంటే ముందే తెలుసుకోవడం మేలు.

ఖర్చులో క్యాప్సూల్ కంటే లెవెల్ టెస్టులూ బెంగుళూరు ప్రయాణాలే మాకు ఎక్కువయ్యాయి. ఇప్పుడు రిపోర్టులు ఫోన్‌లో పంపితే డాక్టర్ చూస్తున్నారు, కాబట్టి రైలు ఎక్కేది తగ్గింది. కర్నూలు, కడప వాళ్లు ముందుగా మీ ఊరి పెద్ద ప్రభుత్వాసుపత్రిలో కిడ్నీ డాక్టర్ ఏ రోజు చూస్తారో కనుక్కోండి, మందు మొదలుపెట్టాక ఫాలోఅప్ దగ్గర్లో ఉంటే సగం భారం తగ్గుతుంది. మన జిల్లా కేంద్రంలో వారానికి ఒక్క రోజైనా పొద్దున ఏడింటికి టాక్రోలిమస్ ట్రఫ్ తీసి, మరుసటి రోజుకు రిపోర్టు ఇచ్చే ఏర్పాటు ఉంటే నేను ఆ ఐదో మార్కు కూడా ఇచ్చేస్తా.

0.25 క్యాప్సూల్స్ చాలా షాపుల్లో ఉంచరు, తెప్పించాలి. చివరి స్ట్రిప్ దాకా ఆగకుండా పదిహేను రోజుల మందు ఉండగానే ఆర్డర్ చెప్పండి, పండగల ముందైతే ఇంకా ముందే.